టార్చ్ కోరల్ ముడుచుకుపోతే: ఆగాలా, నీళ్లు మార్చాలా, ముంచాలా, కోయాలా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఒక కోరల్ (పగడం) నలతగా కనిపిస్తే సలహాలకు కొదవుండదు. ఒకరు వెంటనే నీళ్లు మార్చమంటారు. ఒకరు కిందికి దించమంటారు. ఇంకొకరు అయోడిన్‌లో ముంచి తీయమంటారు. షాపతను కొత్త సీసా ఒకటి అంటగడతాడు. విడివిడిగా చూస్తే వీటిలో తప్పు సలహా ఏదీ లేదు. అన్నీ ఒకే సాయంత్రం చేసేస్తేనే కోరల్ పోతుంది.

ఇక్కడ టార్చ్ కోరల్‌ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. అమెరికాలో రీఫ్ ట్యాంకు పెట్టినవాళ్లు రెండో ఏడాదికల్లా ఎలాగూ టార్చ్ దగ్గరికో హామర్ కోరల్ దగ్గరికో వస్తారు. ఖరీదెక్కువ, అందం ఎక్కువ. పైగా నిన్నటిదాకా బాగున్నది రెండు రోజుల్లో ఉత్త సున్నపు గూడు (దాని అస్థిపంజరం) మిగిల్చి పోగలదు. దీన్ని నడిపించడం తెలిస్తే మిగతా కోరల్స్ విషయంలో కూడా తికమక తగ్గుతుంది.

మార్గం ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. కోరల్ ఎంత వికారంగా ఉందన్నది పక్కన పెట్టి, కండ ఎంత వేగంగా పోతోందో చూస్తాను. తెల్లగా పాలిపోయిన కోరల్‌ని చూస్తే గుండె జారుతుంది కానీ, దానికి వారాల వ్యవధి ఉంటుంది. అయిదు హెడ్స్ (కొమ్మ కొసన ఉండే పాలిప్‌లు) ఉన్న టార్చ్‌లో నాలుగు నిగనిగలాడుతూ, ఒక్కదాని మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకూడదు.

రంగు పోయిందా, కండ పోయిందా

బ్లూ లైట్ల కింద దాదాపు ఏ కోరల్ అయినా మెరుస్తూనే ఉంటుంది. ఆ వెలుగులో జబ్బు తెలీదు. బ్లూ తగ్గించి, తెల్ల లైటు పెంచి, పంపులు ఆపి దగ్గరగా చూడండి.

కోరల్ కండలో జూజాంథెలే అనే సూక్ష్మమైన ఆల్గే (నాచు) కాపురముంటుంది. కోరల్‌కి కావలసిన శక్తిలో సింహభాగం సమకూర్చేది అదే, ఆ గోధుమ ఛాయ కూడా దానిదే. వేడి మితిమీరినా, లైటు మితిమీరినా కోరల్ ఆ ఆల్గేని బయటికి నెట్టేస్తుంది. కండ పారదర్శకమైపోయి కింద ఉన్న తెల్ల గూడు కనిపిస్తుంది. ఇదే బ్లీచింగ్. సముద్రంలో ఏడాదిలోకెల్లా వేడి నెల సగటు కన్నా నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఇది మొదలవుతుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రకటించిన నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ వెనక ఉన్నది ఈ వేడే. ఇళ్లలో మాత్రం ఎక్కువసార్లు దోషి కొత్తగా బిగించిన ఎల్ఈడీ లైటు.

బ్లీచ్ అయినది చచ్చినట్టు కాదు. ఫ్లాష్‌లైట్ వేసి గూడు అంచుల్ని చూడండి. అంచుల మీద పల్చటి జెల్లీ పొర పరుచుకుని ఉంటే ప్రాణం ఉంది. అంచులు పదునుగా, ఉత్త సున్నంలా బయటపడితే అక్కడ కండ పోయింది. నాలుగు రోజులాగితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, చచ్చిన చోట ఆల్గే పడుతుంది, బతికున్న చోట పట్టదు.

కండ తగ్గుతోందంటే వేగం కొలవాలి. దానికి ఫోన్ చాలు. రోజూ ఒకే టైముకు, ఒకే తెల్ల లైటులో, ఒకే కోణంలో ఫొటో తీయండి. గూడు మీద ఏదో ఒక మచ్చనో గీతనో గుర్తుగా పెట్టుకుంటే కండ అంచు దానికి ఎంత పైకి జరిగిందో తెలుస్తుంది. వారానికి ఒకటి రెండు మిల్లీమీటర్లయితే అది నీటి సమస్యో, చోటు సమస్యో. రాత్రికి రాత్రే ఒక హెడ్ ఖాళీ అయితే అది అంటు. ఈ రెండింటికీ చేసే పనులు దాదాపు ఒకదానికొకటి విరుద్ధం.

ఏమీ చేయకుండా ఆగడం

ఇది కూడా ఒక ఎంపికే, అందరికీ చేతకానిది. కోరల్ ముడుచుకుంది, కానీ కండ నిండుగా ఉంది, గూడుకి అతుక్కునే ఉంది, జిగురు లేదు, వాసన లేదు, నీటి లెక్కలు నిన్నటిలాగే ఉన్నాయి అంటే ఆగండి. ట్యాంకులోకి కొత్తగా వచ్చిన టార్చ్ వారం, పది రోజులు బిగుసుకుని ఉండటం మామూలే. టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ అయితే అప్పుడప్పుడూ మైనం పూసినట్టు మెరిసిపోతూ రోజుల తరబడి మూసుకుని, ఆ పొర వదిలించుకుని మళ్లీ విచ్చుకుంటుంది. దాన్ని చూసి కంగారుపడి అయోడిన్‌లో ముంచిన వాళ్లున్నారు. పాపం దానికి లేని జబ్బు అంటగట్టడమే.

ఆగడమంటే పట్టించుకోకపోవడం కాదు. దీపాలారిన గంట తర్వాత ఎర్రలైటు వేసి చూడండి. పెప్పర్‌మింట్ రొయ్య టెంటకిల్స్ (కోరల్ చాచే మెత్తటి తీగలు) మధ్య తిండి లాక్కుంటోందేమో, ఏదైనా యాంజెల్ చేప పగలు కొరుకుతోందేమో, క్లౌన్ చేప టార్చ్‌ని అనెమొనీ అనుకుని రోజంతా అందులో దొర్లుతోందేమో. పెద్ద టార్చ్ క్లౌన్‌ని భరిస్తుంది, ఒకటి రెండు హెడ్స్ ఉన్న చిన్న ముక్క భరించలేదు. అలాంటప్పుడు ఏ మందూ పనిచేయదు. ఆ చేపనో కోరల్‌నో వేరే చోటికి మార్చడమే మార్గం.

నీళ్లు: కొలవడం ఒక ఎత్తు, సరిచేయడం ఇంకో ఎత్తు

ఎక్కువ శాతం కేసులు ఇక్కడే తేలతాయి కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు ఉంటాను.

కొలిచే వరుస ముఖ్యం. ముందు ఉప్పదనం, ఉష్ణోగ్రత. తర్వాత ఆల్కలినిటీ, అంటే కోరల్ గూడు కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల నిల్వ. ఆ తర్వాత ఫాస్ఫేట్, నైట్రేట్. చివర్లో క్యాల్షియం, మెగ్నీషియం. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35), అంటే 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత సుమారు 1.026. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం). క్యాల్షియం 420 పీపీఎం (పది లక్షల పాళ్లకు 420) చుట్టూ, మెగ్నీషియం 1300 చుట్టూ. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే టార్చ్‌కి హాయి.

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఆర్ఓ నీళ్లతో సున్నాకి పెట్టి వదిలేస్తే చాలదు. 35 పీపీటీ ద్రావణంతో సరిచూడండి. సున్నా దగ్గర కరెక్టుగా చూపించే పరికరం 35 దగ్గర రెండు మూడు పీపీటీ తప్పు చూపించడం మామూలే. మిగతా లెక్కలన్నీ ఈ తప్పు మీదే నిలబడతాయి.

ఆల్కలినిటీని అంత ముందుకెందుకు తెచ్చానంటే, అన్నిటికన్నా ముందు కదిలేది అదే. కోరల్ గూడు కట్టుకునేటప్పుడు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ వాడితే క్యాల్షియం 20 పీపీఎం వాడుతుంది. అంటే ఆల్కలినిటీ 8 నుంచి 7కి పడినరోజున క్యాల్షియం 420 నుంచి 413కి తగ్గుతుంది. అంత చిన్న తేడా మామూలు కిట్‌కి అందదు. క్యాల్షియం బాగానే ఉంది కదా అని ధీమాగా ఉంటే, ఈలోగా ఆల్కలినిటీ జారిపోతుంది. టార్చ్ ఈ జారుడుకి, ముఖ్యంగా జారింది తెలిసి మనం ఒక్కసారిగా పైకి తోసినప్పుడు వచ్చే కుదుపుకి, గట్టిగా ముడుచుకుంటుంది. 7.5 దగ్గర నిలకడగా ఉన్న ట్యాంకు, రోజూ 8కీ 10కీ మధ్య ఊగే ట్యాంకు కన్నా మేలు.

సరిచేయడానికి రెండు దారులు. నీళ్లు మార్చడం, లేదా తక్కువైనదాన్ని మాత్రమే కలపడం. నీళ్లు మార్చడం ఎప్పుడూ క్షేమమే అన్న నమ్మకం చాలామందిలో ఉంది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. సాల్ట్ ఏదన్నది చూడాలి. రెడ్ సీ వాళ్ల నీలం బకెట్ తక్కువ ఆల్కలినిటీతో వస్తుంది, నల్ల బకెట్ కోరల్ ప్రో చాలా ఎక్కువతో వస్తుంది. మీ ట్యాంకు 7.5 దగ్గర ఉండి, 12 ఉన్న కొత్త నీళ్లతో 30 శాతం మార్చారనుకోండి. ఆల్కలినిటీ గంటలో 8.85 అవుతుంది. నలతగా ఉన్న కోరల్‌కి రోజుకు 1 డీకేహెచ్ దాటిన మార్పే ఎక్కువ, అలాంటిది గంటలో 1.35. అదే 10 శాతం మారిస్తే 7.95 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఏదో విషం పడిందని అనుమానం ఉంటే, అంటే గాజు తుడిచే స్ప్రే, తుప్పు పట్టిన అయస్కాంతం, దోమల మందు లాంటివి, అప్పుడు పెద్ద వాటర్ చేంజ్ సరైనది. ఆల్కలినిటీ ఒక్కటే తగ్గితే వంటసోడాతో మెల్లగా పెంచడం మేలు. 100 లీటర్లకు సుమారు 3 గ్రాముల వంటసోడా 1 డీకేహెచ్ పెంచుతుంది. ఆర్ఓ నీళ్లలో కరిగించి, పంపు ముందు, రోజులో రెండు మూడు విడతలుగా పోయండి. బేకింగ్ పౌడర్ కాదు, బేకింగ్ సోడా. వంటింట్లో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంకో పక్క, శుభ్రం మరీ ఎక్కువైనా ప్రమాదమే. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా చూపించే ట్యాంకులో టార్చ్ పాలిపోయి సన్నబడుతుంది. అది ఆకలి. దాన్ని లైటు బ్లీచింగ్ అనుకుని నీడలోకి దించితే ఆకలి రెట్టింపవుతుంది. అక్కడ చేయాల్సింది ఫాస్ఫేట్ పీల్చే జీఎఫ్ఓ తగ్గించడం, చేపలకు తిండి పెంచడం. రెండూ సున్నాకి పడిపోతే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు జిగటగా పరుచుకునే ప్రమాదం కూడా ఉంది.

ఉత్తర టెక్సాస్‌లో ఉండేవాళ్లకు ఒక మాట. ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ, ఆలెన్ ఊళ్లకు నీళ్లిచ్చే నార్త్ టెక్సాస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో చాలాభాగం క్లోరమీన్ (క్లోరిన్, అమోనియా కలిసిన క్రిమిసంహారి) వాడుతుంది, వసంతంలో సుమారు నాలుగు వారాలు మాత్రం వట్టి క్లోరిన్‌కి మారుతుంది. క్లోరమీన్‌ని విడగొట్టడం ఆర్ఓ యూనిట్‌లోని కార్బన్ బ్లాక్ ఫిల్టర్‌కి కష్టమైన పని, విడగొడితే అమోనియా వదులుతుంది, దాన్ని తర్వాతి మెంబ్రేన్, డీఐ (డీఅయొనైజేషన్) రెజిన్ పట్టాలి. టీడీఎస్ మీటర్ 000 చూపిస్తోందని నిశ్చింతగా ఉండకండి, అది క్లోరిన్‌ని గానీ క్లోరమీన్‌ని గానీ చూడలేదు. టోటల్ క్లోరిన్ టెస్ట్ స్ట్రిప్ ఒకటి విడిగా పెట్టుకోవాలి. ఫ్రీ క్లోరిన్ స్ట్రిప్ క్లోరమీన్‌ని పట్టదు.

ఇంట్లో కిట్టా, నీటిలోని లోహాలు, మూలకాలు కొలవడానికి ల్యాబ్‌కి పంపే ఐసీపీ టెస్టా అని అడిగితే, కోరల్ ఈ రోజు నలతగా ఉన్నప్పుడు ఐసీపీ అక్కరకు రాదు. ఫలితం వచ్చేసరికి రోజులు పడుతుంది. రాగి, టిన్, జింక్ లాంటి లోహాల మీద అనుమానం ఉండి, ఇంట్లో లెక్కలన్నీ బాగున్నా ట్యాంకులో ఒకటి కాదు చాలా కోరల్స్ మెల్లగా తగ్గుతున్నప్పుడు మాత్రం దానికి పెట్టిన డబ్బు దండగ కాదు. ఫలితం కోసం ఎదురుచూస్తూ తాజా యాక్టివేటెడ్ కార్బన్ పెట్టుకోండి. ఈ మొత్తం చర్చలో దాదాపు ఏ హానీ లేని పని అదొక్కటే, అది కూడా కొంచెంతో మొదలుపెట్టాలి. నీళ్లు ఒక్కసారిగా తేటపడితే లైటు కూడా పెరిగినట్టే.

చోటు మార్చడం

టార్చ్‌కి 80 నుంచి 150 పార్ (ఆల్గే వాడుకోగల వెలుతురు కొలత) లైటు సరిపోతుంది. టెంటకిల్స్ అటూ ఇటూ మెల్లగా ఊగాలి. ఒకే దిక్కుకి ఒరిగిపోయి జెండాలా రెపరెపలాడితే ఆ ప్రవాహం ఎక్కువ, కండ గూడు అంచుకి రాసుకుని చిరుగుతుంది. అందుకే చోటు మీద అనుమానం వస్తే ముందు పంపు దిశ తిప్పండి. కోరల్‌ని ముట్టుకోనక్కర్లేదు, రెండు రోజుల్లో ఫలితం తెలుస్తుంది.

లైటు ఎక్కువైందనిపిస్తే రెండు దారులు. కోరల్‌ని కిందికి దించడం, లేదా లైటు మొత్తాన్ని 20, 30 శాతం తగ్గించి వారాల మీద మళ్లీ పెంచుకుంటూ పోవడం. కొత్త లైటు వచ్చాక ట్యాంకులో చాలా కోరల్స్ పాలిపోతే రెండోది. ఒక్కటే పాలిపోయి పక్కవి బాగుంటే మొదటిది. పార్ మీటర్ కొనడం నాకు అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది, చాలా రీఫ్ క్లబ్బులు సభ్యులకు అద్దెకో ఊరికేనో ఇస్తాయి. ఒకసారి దించాక కనీసం రెండు వారాలు అక్కడే ఉంచండి. ఇవాళ కింద, ఎల్లుండి పక్కన, ఆదివారం మళ్లీ పైన అంటూ తిప్పడం, నాటిన మొక్కని రోజూ పీకి వేరు పట్టిందో లేదో చూసుకోవడం లాంటిదే.

పొరుగు సంగతి కూడా చూడాలి. టార్చ్ తన పక్కనున్న హామర్‌ని కుడుతుంది, చాలాసార్లు గెలుస్తుంది. రెండూ ఒకే ప్రజాతివని చాలాకాలం అనుకున్నారు కానీ, 2017లో హామర్‌నీ ఫ్రాగ్‌స్పాన్‌నీ యూఫిల్లియా ప్రజాతి నుంచి తీసి ఫింబ్రియాఫిల్లియాలో పెట్టారు. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకినా సర్దుకుపోవడం, టార్చ్‌తో సర్దుకోకపోవడం దానికి తగ్గట్టే ఉంది. గెలాక్సియా కోరల్ ఇంకా మొండిది, రాత్రిపూట దాని స్వీపర్లు (కుట్టే పొడవాటి టెంటకిల్స్) ఒక అడుగు పొడవు దాకా సాగగలవు. ఒక పక్క హెడ్స్ మాత్రమే, అదీ పొరుగువైపువి మాత్రమే చెడుతుంటే జబ్బు కోసం వెతక్కండి, దూరం పెంచండి.

ముంచడం

డిప్ అంటే ఒకే మందు అనుకుంటారు. మూడు రకాలున్నాయి, మూడింటి పని వేరు.

అయోడిన్ డిప్ క్రిములను తగ్గించడానికి, కోసిన గాయానికి పనికొస్తుంది. పురుగులకు అంత పనికిరాదు. కోరల్ ఆర్ఎక్స్, రివైవ్ లాంటి మొక్కల నూనెలతో చేసినవి చదునుపురుగుల్ని, చిన్న నుడిబ్రాంక్‌లను (గుల్ల లేని సముద్రపు నత్తలను) విదిలించడానికి మంచివి. బాక్టీరియా జబ్బుకు వాటి మీద ఆశ పెట్టుకోకండి. మూడోది హైడ్రోజన్ పెరాక్సైడ్. జొయాంథిడ్ అనే మెత్తటి కోరల్‌ని అతికించిన ప్లగ్ (చిన్న బిళ్ల) మీద పట్టిన ఆల్గేకి సరే గానీ, టార్చ్ లాంటి మెత్తటి కండకి నేను వాడను. తోటమందులో ముంచే అలవాటు కూడా అమెరికాలో ఉంది. లేబుల్‌కి విరుద్ధంగా పురుగుమందు వాడటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. ఆ నీళ్లు పారబోయడం ఇంకో తలనొప్పి. మొక్కల నూనెల డిప్ ఉండగా దాని జోలికి పోవలసిన పని లేదు.

ఏ డిప్ అయినా గుడ్లను చంపదు. చదునుపురుగు కనిపించిందంటే వారానికోసారి చొప్పున కొన్ని వారాలు ముంచాలి, గూడు మొదట్లో కనిపించే గుడ్ల మచ్చల్ని గీకేయాలి. డిప్ నీళ్లు ట్యాంకు నీళ్లే అయ్యుండాలి, వేడి సమానంగా ఉండాలి, మోతాదు సీసా మీద ఉన్నదే. తర్వాత ఇంకో గిన్నెలో కడిగి గానీ ట్యాంకులో పెట్టకూడదు.

కొత్త కోరల్ వచ్చిన రోజున డిప్ తప్పనిసరి. పాత కోరల్ కారణం తెలీకుండా ముడుచుకుంటే తప్పనిసరి కాదు. లైటుకో ఆల్కలినిటీకో అలిసిపోయిన కోరల్‌ని బయటికి లాగి మందులో ముంచడం రెండో దెబ్బ అవుతుంది. ఇలాంటి దెబ్బలకే కొన్నిసార్లు టార్చ్ పాలిప్ గూడు వదిలేసి బయటికి తేలిపోతుంది. దాన్ని పాలిప్ బెయిలౌట్ అంటారు. చిన్న జాలీ బుట్టలో పెట్టి కాపాడినవాళ్లు లేకపోలేదు కానీ, ఎక్కువగా పోతాయి.

కోయడం

బ్రౌన్ జెల్లీ అనే అంటు జబ్బు ఇక్కడికి వస్తుంది. హెడ్ మీద గోధుమరంగు పొగమంచులాంటి జిగురు, తాకితే దారాలుగా ఊడిరావడం, బయటికి తీస్తే కుళ్లు వాసన. ఆ జిగురులో సిలియేట్లు (ఏకకణ జీవులు), బాక్టీరియా, కరిగిన కండ ఉంటాయి. ప్రవాహానికి కొట్టుకుపోయి పక్క హెడ్‌కి, పక్క కోరల్‌కి అంటుకుంటుంది. ఇక్కడ మాత్రం ఆగడం, నీళ్లు మార్చడం, చోటు మార్చడం మూడూ తప్పు ఎంపికలే.

ముందు పంపులన్నీ ఆపండి. సన్నటి ఎయిర్‌లైన్ గొట్టంతో జిగురుని బకెట్‌లోకి లాగేయండి. తర్వాత కోరల్‌ని బయటికి తీసి, చెడిన హెడ్‌ని దాని కొమ్మతో సహా కోసేయండి. మిగిలినవాటికి అయోడిన్ డిప్ ఇచ్చి, వీలుంటే వేరే తొట్టెలో, లేకపోతే ట్యాంకులోనే అన్నిటికీ దూరంగా, జిగురు నిలవని ప్రవాహంలో పెట్టండి. రెండు మూడు రోజులు ఉదయం సాయంత్రం చూస్తూ ఉండాలి.

ఇది కొమ్మలుగా పెరిగే టార్చ్‌కీ, కొమ్మల హామర్‌కీ కుదురుతుంది. ఒక్కో హెడ్ విడి కొమ్మ మీద ఉంటుంది, మధ్యలో ఉన్నది చచ్చిన గూడే. కండ అంచుకి రెండు మూడు సెంటీమీటర్లు కింద కోస్తే బతికున్న దేన్నీ తాకనక్కర్లేదు. వజ్రపు పళ్ల చక్రం బిగించిన రోటరీ టూల్ మంచిది, బోన్ కట్టర్‌తో నొక్కితే గూడు నిలువునా పగిలే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. వాల్ హామర్ సంగతి వేరు. దానిది మొదటి నుంచి చివరిదాకా ఒకే కండ. కోస్తే రెండు ముక్కల్లోనూ తెగిన గాయం మిగులుతుంది, అంటు సరిహద్దు కనబడదు. అందుకే కొనేటప్పుడే, మొదటి హామర్ అయితే, వాల్ రకం జోలికి వెళ్లకుండా కొమ్మల రకమే తీసుకోమంటాను. పోయేటప్పుడు ఒక్కో హెడ్‌గా పోతుంది, కాపాడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

నెమ్మదిగా తగ్గుతున్నదాన్ని కోయడానికి మాత్రం తొందరపడకండి. కారణం నీటిలో ఉంటే కోసిన ముక్క కూడా అదే నీటిలోకి వెళ్తుంది. అక్రోపొరా అనే కొమ్మల రాతి పగడం మొదలు నుంచి గంటల్లో కండ ఊడ్చుకుపోతుంటే, దాన్ని ఆర్‌టీఎన్ (ర్యాపిడ్ టిష్యూ నెక్రోసిస్) అంటారు, అప్పుడు పైన ఆరోగ్యంగా ఉన్న కొసలు తెంపి కొత్త ప్లగ్‌ల మీద అతికించడం ఒక్కటే దక్కే అవకాశం.

యాంటీబయాటిక్

టార్చ్‌లు వరసగా పోతున్నప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ పేరు తప్పకుండా వినిపిస్తుంది. పనిచేయదని నేననను. 2014లో మయామీ దగ్గర బయటపడి ఫ్లోరిడా పగడపు దిబ్బలను తినేసిన స్టోనీ కోరల్ టిష్యూ లాస్ జబ్బుకి శాస్త్రవేత్తలు సముద్రంలోనే అమాక్సిసిలిన్ ముద్ద పూశారు. పూసిన గాయాలు చాలావరకు ఆగాయి, కొత్త గాయాలు రాకుండా అది ఆపలేకపోయింది, మళ్లీ మళ్లీ పూయవలసి వచ్చింది. ఇంట్లో కూడా జరిగేది అంతే. మందు ఆ రోజు అంటుని ఆపుతుంది, అంటు ఎందుకొచ్చిందన్నది అలాగే ఉంటుంది.

కోసిన తర్వాత కూడా హెడ్ తర్వాత హెడ్ పోతుంటే, నీటి లెక్కలు నిలకడగా ఉంటే, అప్పుడు ఆలోచించవలసిన మార్గమిది. అదీ జలచరాలను చూసే వెటర్నరీ డాక్టర్ చెబితేనే, విడి తొట్టెలోనే. ట్యాంకులో కలిపితే నైట్రోజన్ చక్రాన్ని నడిపే బాక్టీరియా మీద కూడా దెబ్బ పడుతుంది. సిప్రో వెలుతురుకి విరిగిపోతుంది కాబట్టి తొట్టె చీకట్లో ఉండాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్న స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు దీనికోసం కావు. 2023 జూన్ నుంచి అమెరికాలో పశువులకు వాడే ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ని కూడా ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం లేదు, కారణం, మందులకు లొంగని క్రిములు పెరగడం.

హైదరాబాద్, వైజాగ్ పాఠకులకు

ఇండియాలో లెక్క వేరు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, 2001లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. టార్చ్, హామర్, అక్రోపొరా అన్నీ రాతి పగడాలే. షాపులో దొరుకుతోంది కదా అన్నది సమాధానం కాదు. అందువల్ల అక్కడ పోలిక మష్రూమ్‌లు, జొయాంథిడ్‌లు, లెదర్ కోరల్స్ మధ్యే జరగాలి. వీటిలో ఎక్కువ సమస్యలు ఆగడంతోనో, నీళ్లతోనో తేలిపోతాయి. జొయాంథిడ్‌లను, ముఖ్యంగా పాలితోవాలను కోసేటప్పుడు, గీకేటప్పుడు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా చేయి పెట్టకండి. వాటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేద్దామన్న ఆలోచన అసలే వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.

వంటింటి ఆర్ఓ నీళ్లు రీఫ్‌కి సరిపోవు. వాటిలో రుచి కోసం కొంత ముడినీరో మినరల్సో కలుపుతారు, డీఐ దశ ఉండదు. బోరునీళ్లు వాడే ఇళ్లలో తేడా ఇంకా ఎక్కువ. ఇక ఎండాకాలం చల్లదనానికి ఫ్యాన్ చాలా, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కావాలా అంటే, హైదరాబాద్ పొడి వేడిలో నీటి మీద తిరిగే చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు దించగలదు. వైజాగ్ ఉక్కపోతలో నీళ్లు అంతగా ఆవిరవవు కాబట్టి ఆ ఫ్యాన్ పెద్దగా పనిచేయదు, చిల్లర్ కొనక తప్పదు. ఫ్యాన్ పెట్టినవాళ్లు ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లను దానంతటదే నింపే పరికరం) కూడా పెట్టుకోవాలి, లేకపోతే వేడి తగ్గి ఉప్పు పెరుగుతుంది.

ఒక్క వస్తువుకే డబ్బుంటే

ఆల్కలినిటీ కొలిచే డిజిటల్ చెకర్. పార్ మీటర్ కన్నా, ఐసీపీ కన్నా, మందుల అల్మరా కన్నా ముందు అదే. రంగు పోల్చే కిట్లు కూడా పనిచేస్తాయి, కానీ నలత వచ్చిన వారంలో రోజూ కొలవాలి, రోజూ కొలవడానికి బద్ధకం వేయని పరికరమే కొనాలి. రెండో వస్తువుకి డబ్బుంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు దాని విలువ చాలామందికి తెలిసొచ్చింది.

ఎప్పుడు వదులుకోవాలి

నెమ్మదిగా తగ్గి, చివరికి ఖాళీ అయినట్టు కనిపించే గూడుని వెంటనే పారేయకండి. నీళ్లు సర్దుకుని, నెలలు గడిచాక గూడు లోపలి మూలల్లో మిగిలిన చిటికెడు కండ నుంచి కొత్త పాలిప్ లేచిన సందర్భాలున్నాయి. ఆల్గే పట్టకుండా అప్పుడప్పుడూ మెత్తటి బ్రష్‌తో దులిపి, నీడపట్టున ఉంచితే చాలు. బ్రౌన్ జెల్లీతో పోయినదానికి మాత్రం ఈ సహనం వర్తించదు. అన్ని హెడ్స్‌కీ జిగురు పాకితే ఆ రాత్రే గూడుతో సహా తీసేయండి. దాన్ని పట్టుకున్న చేతులు, పట్టకారు, గొట్టం మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చాకే మళ్లీ ట్యాంకులో పెట్టండి. జిగురు లాగిన బకెట్ నీళ్లు వడకట్టి మళ్లీ వాడదామని చూడకుండా సింకులో పోసేయండి. ఆ చోట కొత్త టార్చ్ పెట్టాలనుకుంటే ఇంకో నెలైనా ఆగండి. ఆ నెలంతా ఆల్కలినిటీ రాసిపెట్టుకోండి, ఆ అంకెలు ఒకే గీత మీద నడిస్తేనే షాపుకి వెళ్లండి.